బాడుగ కారు, బీమా: తేలని లెక్కలు

వీరపునాయునిపల్లె నుంచి గండికోట చూడబోయినా, ఒంటిమిట్ట రాములోరి కల్యాణానికి పోయినా, తిరుమల కొండెక్కినా ఇంటిల్లిపాదికీ ముందు కుదరాల్సింది బండి. సొంత కారు లేనివాళ్లు యర్రగుంట్లలోనో వేంపల్లెలోనో ప్రొద్దుటూరులోనో ఒకటి బాడుగకు మాట్లాడుకుంటారు. కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా ఎంత, టోల్‌గేటు ఎవరు కట్టాలి అన్నదాకా బేరం సాగుతుంది. అందులో ఇన్సూరెన్స్ ఊసే రాదు. ఎవరైనా అడిగితే ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిలే అన్నా’ అన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగుస్తుంది.

ఇప్పుడు డ్రైవర్ లేకుండా తామే నడుపుకొనే సెల్ఫ్ డ్రైవ్ కార్లు కూడా కడప జిల్లాకు వచ్చాయి. గండికోటకు జనం పెరిగారు. అక్కడి అభివృద్ధికి 2024లో కేంద్రం దాదాపు రూ.78 కోట్లు మంజూరు చేసింది. కువైట్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు నెల రోజులకు కారు తీసుకుంటున్నారు. గోవాకు పోయిన కుర్రాళ్లు, అమెరికాలో కొడుకు దగ్గరికి పోయిన తల్లిదండ్రులు కూడా ఏదో ఒక చోట ‘అదనపు రక్షణ కావాలా, వద్దా’ అన్న ప్రశ్న ఎదుర్కొంటున్నారు. దీనిపై సలహాలకు కొదవ లేదు. అయితే డాలస్‌కు సరిపోయే సలహా జమ్మలమడుగులో పనికిరాదు. గోవాలో చెల్లే మాట ఇక్కడ చెల్లకపోవచ్చు. చర్చ చిక్కుపడింది అందుకే.

మూడు రకాల నష్టం

ప్రమాదం జరిగితే నష్టం మూడు వైపులా ఉంటుంది. ఒకటి, ఎదుటివాళ్ల ప్రాణానికి, ఆస్తికి. దీనికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. రెండు, బాడుగకు తెచ్చిన కారుకు. దీన్ని ఓన్ డ్యామేజీ అంటారు. ఇది యజమాని ఇష్టం. మూడు, ఆ కారులో కూర్చున్న మనకు. ఈ మూడోది ఎక్కడ ఎంతవరకు ఉందో కారు తీసుకునేవాళ్లలో చాలామందికి తెలియదు.

కౌంటర్ దగ్గర గానీ ఫోన్‌లో గానీ అమ్మే అదనపు రక్షణ చాలావరకు రెండో నష్టానికి, అంటే కారు సొట్టలకు సంబంధించింది. వాదోపవాదాలన్నీ దాని చుట్టే తిరుగుతున్నాయి. కుటుంబాన్ని కూల్చగల నష్టాలు మాత్రం మొదటిదీ మూడోదీ. బంపర్‌కు ఎంత పోతుందో లెక్కవేసే ఇంట్లో, నడిపే మనిషి పేరున ప్రమాద బీమా ఉందా అని అడిగేవాళ్లు అరుదు.

1946 నుంచి

థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది 1939 నాటి మోటారు వాహనాల చట్టం. బీమాకు సంబంధించిన అధ్యాయం 1946 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1973లో సాధారణ బీమా జాతీయమై నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి చేరింది. కొత్త మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి 1989 జులై 1న అమలైంది. ఆ ఏడాదే సెల్ఫ్ డ్రైవ్ కార్లకు దారి చూపిన రెంట్ ఎ క్యాబ్ పథకమూ వచ్చింది. 2007 నుంచి ఓన్ డ్యామేజీ ప్రీమియంపై ప్రభుత్వ ధరల పట్టిక పోయింది. థర్డ్ పార్టీ ధర మాత్రం ఇప్పటికీ ప్రభుత్వం ప్రకటించేదే. ఆ చట్టానికి 2019లో చేసిన సవరణలోని బీమా భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తప్పెవరిదని తేల్చకుండానే ప్రాణం పోతే రూ.5 లక్షలు, తీవ్ర గాయమైతే రూ.2.5 లక్షలు కోరవచ్చు.

ఈ చట్టాలన్నీ బండి యజమానిని, డ్రైవర్‌ను, దారిన పోయేవాణ్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. రెండు రోజులకు కారు తీసుకుని నడిపే సెలవుల ప్రయాణికుడు వాటిలో ఎక్కడ ఇముడుతాడో కోర్టులే ఒక్కో కేసులో చెప్పుకుంటూ వచ్చాయి.

బోర్డు రంగు చూడకుండా బేరం వద్దు

మన ప్రాంతంలో అదనపు రక్షణ గురించి ఆలోచించే ముందే తేల్చుకోవాల్సింది నంబరు పలక రంగు. పసుపు పలకపై నల్ల అక్షరాలుంటే అది ట్యాక్సీ. నల్ల పలకపై పసుపు అక్షరాలుంటే బాడుగకు ఇచ్చి మనల్నే నడుపుకోమనే కారు. ఈ రెండింటికీ పర్మిట్ ఉంటుంది, బీమా కూడా వాణిజ్య వాహనంగానే తీసుకుంటారు. తెల్ల పలకపై నల్ల అక్షరాలుంటే సొంతానికి వాడుకునే ఓన్ బోర్డు బండి.

మన ఊళ్లలో బాడుగకు తిరిగే కార్లలో ఓన్ బోర్డువి తక్కువేం కావు. అందుకు డబ్బే కారణం. 2022 జూన్ నుంచి వర్తించిన పట్టికలో 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ.3,416. అదే ఇంజిన్ ఉన్న ట్యాక్సీకి రూ.7,940, ఆపైన ఒక్కో ప్రయాణికుడి సీటుకు రూ.978 చొప్పున అదనం. పర్మిట్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), పన్ను వేరే. నెలకు నాలుగు బాడుగలు దొరికే యజమానికి ఈ తేడా చిన్నది కాదు. ఆ తేడాను చివరికి మోసేది మాత్రం బాడుగకు తీసుకున్నవాళ్లే.

సొంత కారు పాలసీలో బాడుగకు తిప్పరాదన్న షరతు అచ్చయి ఉంటుంది. బాడుగకు తిప్పే పర్మిట్ లేని బండిని బాడుగకు తిప్పారన్నది బీమా కంపెనీ కోర్టులో ఎత్తుకోగల రక్షణల్లో ఒకటని చట్టమే చెబుతోంది. కారు నష్టం విషయంలో సుప్రీంకోర్టు కొంత మెత్తబడింది. 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో, 2010లో అమలేందు సాహూ కేసులో, షరతు తప్పినంత మాత్రాన క్లెయిమును మొత్తంగా కొట్టేయకూడదని, నిబంధనలకు పూర్తిగా ఒదగని కేసుగా లెక్కగట్టి కొంత ఇవ్వాలని చెప్పింది. అలాంటప్పుడు 75 శాతం దాకా ఇచ్చే పద్ధతి ఉంది. అది యజమానికి ఊరట. ఎదుటివాళ్ల ప్రాణనష్టం విషయంలో 2018 నాటి అమృత్‌పాల్ సింగ్ కేసు తీర్పు వేరు. పర్మిట్ లేకపోవడం మూలంలోనే లోపమని, బీమా కంపెనీ బాధితులకు ముందు చెల్లించి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని అందులో తేల్చారు.

రాబట్టుకోవడం యజమానితోనే ఆగుతుందని ధీమాగా ఉండలేం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందుకు వచ్చే పిటిషన్లలో డ్రైవర్, యజమాని, బీమా కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు. స్టీరింగ్ పట్టింది బాడుగకు తీసుకున్న మనిషైతే ఆ వరుసలో మొదటి పేరు అతనిదే.

కారులో కూర్చున్నవాళ్ల సంగతీ ఇక్కడే ఉంది. ట్యాక్సీ బోర్డు బండిలో ప్రయాణికులకు చట్టపు తప్పనిసరి పాలసీయే వర్తిస్తుంది. సొంత కారుకు కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే అందులో కూర్చున్నవాళ్లకు అది వర్తించదని కోర్టులు చెబుతూ వచ్చాయి. థర్డ్ పార్టీతోపాటు కారు నష్టాన్నీ చూసే ప్యాకేజీ పాలసీ ఉంటే వర్తిస్తుందని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా బండి సొంతానికి తిరుగుతున్నప్పటి మాట. అదే బండిని బాడుగకు తిప్పినట్టు రుజువైతే కొన్ని తీర్పులు ముందు చెల్లించమన్నాయి, కొన్ని బీమా కంపెనీని పూర్తిగా తప్పించాయి.

అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే డ్రైవర్‌తో వచ్చే పసుపు బోర్డు బండి ప్రయాణికుడికి అన్నిటికంటే భద్రం. నల్ల బోర్డు కారు ఎదుటివాళ్ల విషయంలో భద్రమే గానీ నడిపేవాడికి అంతంతమాత్రం. స్నేహితుడు డబ్బు తీసుకోకుండా, డీజిల్ పోయించుకుంటే చాలని ఇచ్చిన కారుకు ప్యాకేజీ పాలసీ, మనకు లైసెన్సు ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. బాడుగ తీసుకుని ఇచ్చిన తెల్ల బోర్డు కారు అన్నిటికంటే అడుగున నిలుస్తుంది. దాన్ని తీసుకుంటూ ‘మా తమ్ముడి బండేనని చెప్పండి’ అన్న ఒప్పందం చేసుకోవడం మామూలైపోయింది. ప్రమాదం జరిగాక ఫోన్‌లో బాడుగ చెల్లింపు కనిపిస్తూనే ఉంటుంది.

నడిపే మనిషి ఒంటరి

గువ్వలచెరువు ఘాట్‌లో కారు ఎవరి ప్రమేయమూ లేకుండా గోడకు గుద్దుకుందనుకుందాం. నడిపింది బాడుగకు తీసుకున్న మనిషి. అతని కుటుంబానికి ఎవరు ఇస్తారు?

2009లో నింగమ్మ కేసులో, 2020లో రామ్‌ఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని సారం ఇది: ఇంకొకరి బండిని అడిగి తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, ఆ బండి బీమా కంపెనీ మీద తానే మూడో వ్యక్తిగా క్లెయిము వేయలేడు. రామ్‌ఖిలాడీ కేసులో ఆ కుటుంబానికి దక్కింది పాలసీలో యజమాని-డ్రైవర్‌కు రాసిన రూ.1 లక్ష మాత్రమే. 2018లో బీమా నియంత్రణ సంస్థ ఈ మొత్తాన్ని రూ.15 లక్షలకు పెంచింది. దాన్ని విడిగా కూడా కొనుక్కునే వీలు 2019 జనవరి నుంచి కల్పించింది. కానీ అది రిజిస్ట్రేషన్ కాగితంలో పేరున్న యజమానికి ఉద్దేశించింది. కారు ఒక సంస్థ పేరున ఉంటే ఆ రక్షణ ఉండదు, సంస్థకు డ్రైవింగ్ లైసెన్సు ఉండదు గనక.

పేరు రాయని ప్రయాణికులకు ప్రమాద బీమా అనే చిన్న ఎండార్స్‌మెంట్ ఒకటుంది. డ్రైవర్‌కు చట్టపరమైన బాధ్యత అనేది ఇంకొకటి. యజమాని పాలసీలో ఇవి ఉన్నాయో లేదో ఒక పేజీ తిప్పితే తెలుస్తుంది. బండి ఎక్కే ముందు అడిగి చూడాల్సిన కాగితం ఏదైనా ఉంటే అదే.

కాబట్టి సెల్ఫ్ డ్రైవ్ తీసుకునేవాళ్లకు ప్రాణం విషయంలో కౌంటర్ రక్షణ కంటే తమ పేరున ముందే ఉన్న వ్యక్తిగత ప్రమాద బీమాయే దిక్కు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల మధ్యవాళ్లు ఏడాదికి రూ.20 కట్టి ప్రధాన మంత్రి సురక్షా బీమా యోజనలో రూ.2 లక్షల రక్షణ పొందవచ్చు. ఒక కుటుంబాన్ని నిలబెట్టడానికి ఆ రెండు లక్షలు చాలవు. ఏమీ లేనిచోట అదైనా ఉంటుంది.

లైసెన్సు సంగతి విడిగా చెప్పాలి. గల్ఫ్‌లో పదేళ్లు కారు నడిపి వచ్చినవాళ్లకు నడపడం బాగా వచ్చు, ఇక్కడి లైసెన్సు మాత్రం ఎప్పుడో గడువు తీరి ఉంటుంది. 2019 సవరణతో గడువు తీరిన తర్వాత ఉండే 30 రోజుల వెసులుబాటు పోయింది. ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు హాజరవ్వాలి. చెల్లే లైసెన్సు లేకపోతే కారు నష్టం క్లెయిము నిలవదు. 2004 నాటి సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ తీర్పు బాధితుడికి డబ్బు దక్కే దారి చూపింది గానీ, నడిపినవాణ్ని కాపాడాలని ఇచ్చింది కాదు. డ్రైవర్ ఉన్న ట్యాక్సీల విషయంలో మాత్రం ఒక పాత తగువు తీరింది. మామూలు కారు లైసెన్సుతోనే 7,500 కిలోలలోపు ట్యాక్సీ నడపవచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది.

సొట్టల లెక్క

కారుకు తగిలే నష్టం గురించి ఎక్కువ మాట్లాడతారు గానీ, అందులో తెలుసుకోవాల్సినవి కొన్నే. ఓన్ డ్యామేజీ క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం తరుగుదల తీసేస్తారు. అద్దాలకు ఏమీ తీయరు. తరుగుదల తీయని జీరో డెప్ అనే అదనపు రక్షణ ఉంటే ఈ కోత ఉండదు. క్లెయిము వేసిన ఏడాదికి యజమానికి రావాల్సిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది పెరుగుతూ 50 శాతం దాకా చేరే రాయితీ. అందుకే చిన్న సొట్టకు ఏ యజమానీ ఇన్సూరెన్స్‌కు పోడు, డబ్బులు కట్టమంటాడు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న బండికి మనమెందుకు కట్టాలన్న తగాదా ఇక్కడే మొదలవుతుంది. అతని లెక్కలో అతను తప్పనలేం. కట్టాల్సింది ఎంతవరకో ముందే రాసుకోకపోవడంలోనే చిక్కుంది.

టైరు పగిలితే, కారుకు ఇంకేదీ దెబ్బ తగలకపోతే, టైరుకు డబ్బు రాదు. వానాకాలంలో వంక పొంగినప్పుడు నీళ్లలో దించి, ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే పాడయ్యే ఇంజిన్‌కూ మామూలు పాలసీలో రాదు, దానికి వేరే రక్షణ కొనాలి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజులను చూసిన జిల్లాకు ఈ షరతు పుస్తకాల్లో మాటగా అనిపించదు. తాగి నడిపితే కారు నష్టానికి ఏ రక్షణా పలకదు.

నాలుగు వాదాలు

మొదటి వాదం: ఏది అడిగినా తీసేసుకో, సెలవుల్లో మనశ్శాంతి ముఖ్యం. డబ్బున్నవాళ్లకు ఇందులో తప్పు లేదు. పైగా తెలియని ఊళ్లో, సందులూ గొందుల్లో నడిపేవాళ్లకు మేలే. అయితే ఆ రుసుము ఎదుటివాళ్ల నష్టానికి, మన ప్రాణానికి పనికొస్తుందని అనుకుంటే మోసపోయినట్టే.

రెండో వాదం: యజమాని పాలసీ ఉంది, మళ్లీ ఎందుకు? పసుపు బోర్డు బండిలో డ్రైవర్‌తో పోయేవాళ్లకు ఇది దాదాపు సరైన మాట. సెల్ఫ్ డ్రైవ్‌కు సగం సరైనది. తెల్ల బోర్డుకు అసలు సరికాదు.

మూడో వాదం: కౌంటర్‌లో కొనకు, నీ పేరున ముందే కొనుక్కో. వ్యక్తిగత ప్రమాద బీమా, విదేశాల్లో క్రెడిట్ కార్డు రక్షణ, కారు కోసం విడిగా కొనే పాలసీ ఈ వాదం చేతిలోని ఆయుధాలు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. నష్టమైతే ముందు చేతి డబ్బు కట్టి తర్వాత తెచ్చుకోవాలి. అంత డబ్బు చేతిలో ఉంచుకోగలిగినవాళ్లకే ఇది చెల్లుతుంది.

నాలుగోది మన పల్లెల్లో ఎక్కువమంది మాట్లాడకుండా పాటించేది: డ్రైవర్‌ను పెట్టుకో. రోజుకు బత్తా పోయినా బాధ్యత నడిపేవాడికీ యజమానికీ పోతుంది. సెలవులకు వచ్చి, దారి తెలియక, రాత్రిపూట తిరుమల నుంచి తిరిగి వచ్చే కుటుంబానికి ఈ వ్యాసకర్త ఓటు దీనికే, బోర్డు పసుపుదైతే.

బయటి దేశాల్లో

ఐరోపాలో బాడుగ ధరలోనే థర్డ్ పార్టీ ఉంటుంది. కౌంటర్‌లో అమ్మేది మనం మొదట భరించాల్సిన మొత్తాన్ని తగ్గించే రక్షణే. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం అందులో తరచూ ఉండవు. దుబాయ్‌లో గీత పడినా పోలీసు కాగితం లేనిదే గ్యారేజీలో ముట్టరు. న్యూజీలాండ్‌లో 1974 నుంచి తప్పెవరిదైనా గాయాలకు ప్రభుత్వ పథకమే చూసుకుంటుంది, పర్యాటకులనూ కలుపుకుని.

అమెరికా లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ థర్డ్ పార్టీలో ప్రాణనష్టానికి పరిమితి లేదు, అక్కడ ఉంది. చాలా రాష్ట్రాల్లో బాడుగ కంపెనీ ఇచ్చేది ఆ రాష్ట్రపు కనీస మొత్తమే. టెక్సస్‌లో ఒకరికి గాయమైతే 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తికి 25,000. కాలిఫోర్నియాలో 2025 జనవరి దాకా అది 15,000, 30,000, 5,000 ఉండి ఇప్పుడు 30,000, 60,000, 15,000 అయింది. అక్కడి ఆసుపత్రి బిల్లు ముందు ఇవి నిలవవు. 2005 నాటి ఫెడరల్ చట్టం ఒకటి, కారు తనదైనంత మాత్రాన బాడుగ కంపెనీ మీద బాధ్యత మోపరాదని చెప్పింది. అంటే భారం నడిపేవాడి మీదే. అక్కడ సొంత కారు, సొంత పాలసీ ఉన్న కొడుకు నడిపితే చాలావరకు అదే బాడుగ కారుకూ వర్తిస్తుంది. సెలవుకు పోయిన తండ్రి తన పేరున తీసుకుని నడిపితే వెనక తన పాలసీ ఏదీ ఉండదు. అలాంటివాళ్లు కౌంటర్‌లో సొట్టల రక్షణ కంటే ముందు అదనపు బాధ్యత రక్షణ కొనాలి. క్రెడిట్ కార్డు ఇచ్చేది కారు నష్టానికే, అదీ కౌంటర్ రక్షణ వద్దని, బాడుగ మొత్తం ఆ కార్డుతోనే కట్టినప్పుడు. ఇండియాలో కొన్న ప్రయాణ బీమా ఉంది కదా అని ఊరుకోవడానికి లేదు, అందులో వాహనం నడిపినందువల్ల వచ్చే బాధ్యత సాధారణంగా మినహాయింపు.

ఇంకా తేలనివి

సెల్ఫ్ డ్రైవ్ సంస్థలు తీసుకునే డ్యామేజీ రుసుము బీమానా, ఒప్పందమా అన్నది మొదటి చిక్కు. సంస్థ తన హక్కును కొంత వదులుకుంటానని రాసిస్తే అది ఒప్పందం. తగువొస్తే వినియోగదారుల కమిషన్‌కు పోవాలి, బీమా అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. రుసుము కట్టేవాళ్లు మాత్రం దాన్ని ఇన్సూరెన్స్ అనే అనుకుంటున్నారు.

రెండోది, యజమాని స్థానంలోకి వస్తాడన్న సూత్రం. రామ్‌ఖిలాడీ కేసులో బండి అడిగి తెచ్చుకున్నది. బాడుగ కట్టి, రక్షణ రుసుమూ కట్టి నడిపినవాణ్ని అదే గాటన కట్టడం న్యాయమేనా అని వాదించడానికి చోటుంది. యజమానికి ఇచ్చే రూ.15 లక్షల రక్షణను ఆ కొద్దిరోజులకు బాడుగదారు పేరున మార్చే పాలసీ ఉంటే ఈ వాదమే అక్కరలేదు.

మూడోది 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకంలోనిది. సెల్ఫ్ డ్రైవ్ లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలి. బెంగళూరులో 2013లో మొదలైన జూమ్‌కార్ లాంటి సంస్థలకు అది అందే సంఖ్య. ప్రొద్దుటూరులో మూడు కార్లున్న మనిషికి అందదు. అతనికి మిగిలేది ట్యాక్సీ పర్మిట్ తీసుకుని డ్రైవర్‌తో తిప్పడం, లేదా తెల్ల బోర్డుతోనే తాళాలు ఇవ్వడం. ఎక్కువమంది దేన్ని ఎంచుకుంటున్నారో గండికోట పార్కింగ్‌లో పలకలు చూస్తే తెలుస్తుంది. సంఖ్య తగ్గిస్తే వాళ్లు వాణిజ్య పాలసీ కిందికి వస్తారని ఒక వాదం. అన్ని చిన్న యజమానుల కార్లకు బ్రేకులు, టైర్లు ఎవరు తనిఖీ చేస్తారన్నది దానికి ఎదురు వాదం. ఈ రెండోదానికి సరైన జవాబు దొరికేదాకా మొదటిది ముందుకు కదలదు.